కోర్టు కొలతలూ ప్రతిభ కొలతలూ
ఒక అమెరికన్ విశ్వవిద్యాలయ టెన్నిస్ స్టేడియాన్ని చదవడం

ఆటలో కులం ఉండదంటారు. మార్కుల్లో ఉండొచ్చు, ఇంటర్వ్యూలో ఉండొచ్చు, మైదానంలో మాత్రం పరిగెత్తినవాడిదే పరుగు, గెలిచినవాడిదే గెలుపు అంటారు. రిజర్వేషన్ల మీద చర్చ వచ్చిన ప్రతిసారీ మన మీదికి విసిరే ప్రశ్న కూడా ఇక్కడినుంచే వస్తుంది: 'అయితే క్రికెట్ టీములో కూడా రిజర్వేషన్లు పెడతారా?' 1990 మండల్ రోజుల్నించీ ఈ ప్రశ్న మన చెవుల్లో మోగుతూనే ఉంది. 2006లో కేంద్ర విద్యాసంస్థల్లో బి.సి. రిజర్వేషన్ల గొడవప్పుడూ మోగింది. ఉపన్యాసాల్లో అన్నిటికీ జవాబు చెప్పే మనవాళ్లు కూడా ఈ ఒక్కదాని దగ్గర కాస్త తడబడతారు. ఎందుకంటే మనం సాహిత్యాన్ని చదివాం, చరిత్రని చదివాం, సినిమాని చదివాం, ఆటని చదవలేదు. ఆటంటే పిల్లల వ్యవహారం, పొద్దుపోక చేసే పని అనుకున్నాం. అగ్రకులాలు ఎన్నడూ అట్లా అనుకోలేదు.

ఈ వ్యాసంలో ఒక స్టేడియాన్ని చదువుదాం. కథనో కవితనో విమర్శకుడు చదివినట్టే చదువుదాం. ఎవరి నేల మీద కట్టారు, ఎవరి పేరు పెట్టారు, లోపల ఎవరు ఆడారు, గేటు బయట ఎవరు నిలబడ్డారు అని అడుగుదాం. స్టేడియం అమెరికాలోది, ఆట టెన్నిస్. మనకి దూరమే. అయినా ఎంచుకోవడానికి కారణం ఉంది. అక్కడి విశ్వవిద్యాలయాల్లో టెన్నిస్ రాకెట్టు సీటు తెస్తుంది, ఫీజు కడుతుంది, డిగ్రీ ఇప్పిస్తుంది. అంటే ఆటా, చదువూ, ప్రతిభా అనే మూడు మాటలు ఒకే కోర్టులో కలిసే చోటది. పైగా నల్లవాళ్ల పోరాటంతో మన సంభాషణ కొత్తదేమీ కాదు. 1946లోనే అంబేద్కర్ డుబాయిస్‌కి ఉత్తరం రాశాడు. 1972లో దళిత్ పాంథర్లు పేరే అక్కణ్ణించి తెచ్చుకున్నారు.

నేల ఎవరిది?

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్ల లాస్ ఏంజిలిస్ క్యాంపస్‌ని అందరూ యు.సి.ఎల్.ఏ. అంటారు. ప్రభుత్వ విశ్వవిద్యాలయం. ఆ క్యాంపస్‌లో లాస్ ఏంజిలిస్ టెన్నిస్ సెంటర్ ఉంది. 1984 ఒలింపిక్స్ కోసం కట్టారు. ఆ ఏడాది టెన్నిస్ పతకాల పట్టికలో లేని ప్రదర్శన క్రీడ. ఇరవై ఒక్క ఏళ్ల లోపు వాళ్లు ఆడితే స్టెఫాన్ ఎడ్‌బర్గ్, స్టెఫీ గ్రాఫ్ గెలిచారు. నడిమధ్య కోర్టు చుట్టూ ఉన్న స్టేడియం పేరు స్ట్రాస్ స్టేడియం. సుమారు 5,800 మంది కూర్చోవచ్చు. 2012 దాకా మగవాళ్ల ప్రొఫెషనల్ పోటీ ఒకటి ఏటా అక్కడే జరిగేది. విశ్వవిద్యాలయం జట్లు ఇప్పటికీ అక్కడే ఆడతాయి.

ఇంతవరకూ ఏ కరపత్రంలో అయినా దొరుకుతుంది. దొరకనిది ఆ నేల సంగతి. యు.సి.ఎల్.ఏ. 1929లో వెస్ట్‌వుడ్ అనే ప్రాంతానికి తరలింది. వెస్ట్‌వుడ్‌ని ప్లాట్లు చేసి అమ్మింది జాన్స్ అనే కుటుంబ కంపెనీ. విశ్వవిద్యాలయం వస్తుందనేదే ఆ ప్లాట్లకి గిరాకీ. అమ్మకం దస్తావేజుల్లో ఒక షరతు ఉండేది: తెల్లజాతి కాని వాళ్లు ఈ ఇళ్లలో ఉండరాదు. పనివాళ్లకు మాత్రం మినహాయింపు ఇవ్వడం ఆనాటి అలాంటి దస్తావేజుల్లో మామూలు. ఊడ్చడానికి, వండడానికి, పిల్లల్ని ఎత్తుకోవడానికి రావొచ్చు, కాపురం ఉండకూడదు. మనకి ఈ సంగతి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఊరూ వాడా తెలిసిన వాళ్లం. మన దగ్గర దస్తావేజులో రాసుకునే అవసరం కూడా లేదు, అంతే తేడా. ఇట్లాంటి షరతుల్ని కోర్టులు అమలు చెయ్యకూడదని అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది 1948లో.

ఇక్కడ ఒక విచిత్రం చూడండి. నల్లజాతి పిల్లల్ని యు.సి.ఎల్.ఏ. చేర్చుకుంది. 1939 నుంచి 1941 దాకా జాకీ రాబిన్సన్ అక్కడే చదివాడు, నాలుగు క్రీడల్లో విశ్వవిద్యాలయానికి ఆడాడు. తర్వాత 1947లో అమెరికా బేస్‌బాల్ పెద్ద లీగుల్లో వర్ణ నిషేధాన్ని బద్దలుకొట్టింది ఆయనే. చదవనిచ్చారు, ఆడనిచ్చారు, చప్పట్లు కొట్టారు. చుట్టూ ఉన్న వీధుల్లో మాత్రం ఇల్లు కొనుక్కునే హక్కు లేదు. విశ్వవిద్యాలయం తలుపు తెరిచి ఉండటం వేరు, విశ్వవిద్యాలయం మనది కావడం వేరు. 2015 డిసెంబరులో హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులకి వేసిన శిక్ష ఏంటి? పట్టాలు లాక్కోలేదు, తరగతులు ఆపలేదు. హాస్టల్‌లో ఉండొద్దన్నారు, గుంపుగా బహిరంగ స్థలాల్లోకి రావొద్దన్నారు. చదువుకో, ఉండకు అన్నారు. వాళ్లు షాపింగ్ కాంప్లెక్స్ దగ్గర డేరా వేసి దానికి 'వెలివాడ' అని పేరు పెట్టారు. 2016 జనవరి 17న రోహిత్ వేముల మనకి లేకుండా పోయాడు. కాబట్టి క్యాంపస్‌లో జాగా అనేది చదువుకి సంబంధం లేని చిన్న విషయం అని ఎవరైనా అంటే మనం ఒప్పుకోకూడదు.

గీత ఎవరికి ఎక్కడ?

టెన్నిస్ సింగిల్స్ కోర్టు 78 అడుగుల పొడవు, 27 అడుగుల వెడల్పు. రాజుకీ పేదకీ అదే కొలత. 'ఆటలో అందరూ సమానం' అనే మాటకి ఇంతకంటే మంచి సాక్ష్యం ఉండదు అనిపిస్తుంది. ఆర్థర్ ఆష్ జీవితం చదివితే ఆ సాక్ష్యం నిలబడదు.

ఆష్ 1943లో వర్జీనియా రాష్ట్రం రిచ్‌మండ్‌లో పుట్టాడు. తండ్రి నల్లవాళ్లకి కేటాయించిన బ్రూక్ ఫీల్డ్ అనే పార్కుకి కాపలాదారు. కుటుంబం కాపురం ఆ పార్కులోనే. ఇంటి గుమ్మం దాటితే టెన్నిస్ కోర్టులు. ఆరేళ్ల వయసులో తల్లి పోయింది. రాన్ చారిటీ అనే నల్లజాతి కాలేజీ విద్యార్థి రాకెట్టు పట్టుకోవడం నేర్పాడు. అదే ఊళ్లో తెల్లవాళ్ల పార్కులో మంచి కోర్టులున్నాయి, అక్కడికి పోతే వెనక్కి పంపారు. ఎందుకంటే అది చట్టం.

తర్వాత లించ్‌బర్గ్‌లో డాక్టర్ రాబర్ట్ వాల్టర్ జాన్సన్ దగ్గర చేరాడు. వృత్తికి వైద్యుడు, నల్లజాతి పిల్లల కోసం సొంత ఇంటి దగ్గర కోర్టు వేసి శిక్షణ ఇచ్చినవాడు. ఆయన శిష్యురాలే ఆల్థియా గిబ్సన్. ఫ్లారిడాలోని నల్లజాతి విశ్వవిద్యాలయం నుంచి 1953లో పట్టా తీసుకుని, 1957, 1958లలో వింబుల్డన్ గెలిచింది. తెల్లవాళ్ల సంఘం నల్లవాళ్లని పోటీలకి రానివ్వకపోతే నల్లవాళ్లు 1916లో అమెరికన్ టెన్నిస్ అసోసియేషన్ అని సొంత సంఘం పెట్టుకున్నారు. జాన్సన్ కృషి అంతా ఆ సంఘం తరఫునే. అదే 1916 మే నెలలో న్యూయార్క్‌లో కొలంబియా విశ్వవిద్యాలయంలో పాతికేళ్ల అంబేద్కర్ భారతదేశంలో కులాల మీద పత్రం చదివాడు. కులం అంటే తన చుట్టూ తలుపులు బిగించుకున్న వర్గం అని ఆయన తేల్చిన సారాంశం. టెన్నిస్ క్లబ్బుకి ఇంతకంటే సరిపోయే నిర్వచనం ఉంటుందా?

జాన్సన్ నేర్పిన పాఠాల్లో ఒకటి మనం ఎప్పటికీ మర్చిపోకూడదు. పిల్లల పోటీల్లో అంపైర్లు ఉండరు. బంతి లోపల పడిందో అవుటో, ఎవరి వైపు వాళ్లే చూసి చెప్పాలి. జాన్సన్ తన పిల్లలకి చెప్పేవాడు: తెల్ల పిల్లవాడు కొట్టిన బంతి గీతకి కాస్త బయట పడినా అవుట్ అనొద్దు, లోపల పడినట్టే తీసుకుని తిరిగి కొట్టు. గొడవకి సందు ఇవ్వొద్దు. మోసగాడు అనే మాట రానివ్వొద్దు. ఒక్క మాట వస్తే నిన్నే కాదు, నీ తర్వాత రావాల్సిన వాళ్లందర్నీ ఆపేస్తారు.

దీని అర్థం ఏమిటి? నేల మీద గీసిన గీత ఇద్దరికీ ఒకటే. ఆడేటప్పుడు మాత్రం నల్ల పిల్లవాడు కాపాడుకోవాల్సిన కోర్టు తెల్ల పిల్లవాడి కోర్టు కంటే పెద్దది. పెద్ద కోర్టులో ఆడి చిన్న కోర్టు వాడిని గెలవాలి. గెలిస్తే 'చూశావా, ఆటలో వివక్ష లేదు' అంటారు. ఓడితే 'ప్రతిభ లేదు' అంటారు.

ఈ కొలత మన పిల్లలకి బాగా తెలుసు. వైవాలో ఒక ఇంగ్లీషు మాట నాలిక మీద తడబడితే అగ్రకుల విద్యార్థికి అది కంగారు, మనవాడికి అది 'ప్రమాణాల పతనం'. ఓపెన్ కాంపిటీషన్‌లో ర్యాంకు తెచ్చుకున్న ఎస్సీ పిల్లని కూడా క్లాసులో 'కోటా' అనే పిలుస్తారు. కోపం వస్తే రౌడీ, మౌనంగా ఉంటే మందమతి. ఇంట్లో మొట్టమొదట యూనివర్సిటీ మెట్టెక్కిన వాళ్లలో ఈ గీతని కనీసం ఒక్కసారి తొక్కని వాళ్లు ఉండరు. మా ఇళ్లలో కూడా పెద్దవాళ్లు జాన్సన్ చెప్పినట్టే చెప్పి పంపారు: నోరు జారొద్దు, తగువు పెట్టుకోవద్దు, తల వంచుకుని చదువుకుని రా. ఆ మాటలో పిరికితనం లేదు, లెక్క ఉంది. కానీ ఆ లెక్క చెల్లించేది ఎప్పుడూ ఒక పక్క వాళ్లే.

ఆష్ స్కాలర్‌షిప్ మీద యు.సి.ఎల్.ఏ.కి వచ్చాడు. అక్కడ దక్షిణాది చట్టాలు లేవు. అయినా మొదట్లోనే ఒక సంపన్నుల క్లబ్బు తన పోటీకి విశ్వవిద్యాలయ ఆటగాళ్లని పిలుస్తూ అతన్ని మాత్రం పిలవలేదు. చట్టం లేని చోట ఆహ్వాన పత్రిక ఆ పని చేసింది. 1965లో ఆష్ అమెరికా విశ్వవిద్యాలయాల సింగిల్స్ విజేత అయ్యాడు, యు.సి.ఎల్.ఏ. జట్టు టైటిల్ కూడా గెలిచింది. 1966లో వ్యాపార పరిపాలనలో పట్టా పుచ్చుకున్నాడు. 1968లో యు.ఎస్. ఓపెన్, 1975లో వింబుల్డన్ గెలిచాడు. ఎయిడ్స్ వల్ల 1993 ఫిబ్రవరి 6న చనిపోయాడు. స్ట్రాస్ స్టేడియం ఆయన చదువు ముగిసిన పద్దెనిమిదేళ్లకి కట్టింది. యు.సి.ఎల్.ఏ.లో ఆయన పేరు విద్యార్థుల ఆరోగ్య కేంద్రానికి ఉంది. న్యూయార్క్‌లో 1997లో తెరిచిన అతి పెద్ద టెన్నిస్ స్టేడియానికీ ఆయన పేరే. పేర్లు మంచివే, నేను తక్కువ చెయ్యడం లేదు. మన దగ్గరా విశ్వవిద్యాలయాలకి అంబేద్కర్ పేరుంది. పేరు పెట్టిన గేటులోంచి ఎవరు లోపలికి పోతున్నారు అనేదే ప్రశ్న.

తాకకుండా ఆడే ఆట

టెన్నిస్‌ని మన చెడుగుడు పక్కన పెట్టి చూడండి. చెడుగుడులో తాకితేనే పాయింటు. ఒంటికి ఒళ్లు తగలకుండా ఆ ఆట లేదు. టెన్నిస్‌లో మధ్యన వల ఉంటుంది, ఎవరి పక్క వాళ్లది, ఆట అంతా ఒకరినొకరు తాకరు. అంటరానితనాన్ని పాటించేవాడికి కూడా ఇబ్బంది లేని ఆట కదా, మరి ఇందులో కూడా నల్లవాళ్లని ఎందుకు ఆపారు? ఎందుకంటే టెన్నిస్ కోర్టులో మొదలై కోర్టులో ముగియదు. ఆట అయ్యాక వల మీదుగా చెయ్యి కలపాలి. ఒకే గదిలో బట్టలు మార్చుకోవాలి, ఒకే కొళాయి కింద స్నానం చెయ్యాలి, ఒకే బల్ల దగ్గర తినాలి. ఆటని సమానంగా ఆడొచ్చు గానీ తర్వాత సమానంగా కూర్చోకూడదు.

మన దేశంలో ఇది కళ్లకి కట్టినట్టు కనపడేది పల్వంకర్ బాలూ జీవితంలో. చర్మకార కులంలో పుట్టినవాడు. పూనాలో తెల్లదొరల క్లబ్బులో నెలకి నాలుగు రూపాయల జీతానికి పిచ్ చదును చేసి, నెట్స్ కట్టి, దొరలకి గంటల తరబడి బంతులు వేసేవాడు. బంతి వెయ్యనిచ్చారు, బ్యాటు పట్టనివ్వలేదు. వేసి వేసి దేశంలో మేటి బౌలర్ అయ్యాడు. గెలుపు కావాలి గనుక హిందువుల జట్టు అతన్ని తీసుకుంది. మైదానంలో బ్రాహ్మణ ఆటగాళ్లు అతను వేసిన బంతినే పట్టుకున్నారు. టీ విరామంలో మాత్రం అతనికి పెవిలియన్ బయట మట్టి ముంతలో విడిగా పోశారు. 1911లో ఇంగ్లండ్ పర్యటనలో వందకి పైగా వికెట్లు తీశాడు. అయినా హిందువుల జట్టుకి కెప్టెన్‌ని చెయ్యలేదు. గొడవలు జరిగి జరిగి 1923లో అతని తమ్ముడు విఠల్‌కి ఆ కెప్టెన్సీ దక్కింది. ఈ చరిత్రని రామచంద్ర గుహ 2002లో వచ్చిన పుస్తకంలో వివరంగా రాశాడు. బాలూ రాజకీయాల్లో అంబేద్కర్‌కి వ్యతిరేక పక్షాన నిలిచాడు, 1937 ఎన్నికల్లో ఆయన మీదే పోటీ చేసి ఓడాడు. అది వేరే చర్చ. మన ప్రశ్నకి మాత్రం జవాబు ఇక్కడ దొరుకుతుంది. 'క్రికెట్ టీములో రిజర్వేషన్లు పెడతారా' అనేవాళ్లకి చెప్పాల్సింది ఇది: పెట్టారు. బ్యాటూ కెప్టెన్సీ పైకులాలకి, రోలరూ బంతీ కింది కులాలకి రిజర్వు చేశారు.

ఆష్ తండ్రి పార్కు కాపలాదారు, బాలూ మైదానం చదును చేసే కూలీ. మైదానంతో వీళ్లకి ఉన్న మొదటి సంబంధం శ్రమ సంబంధం. ఏ స్టేడియంలో అయినా గడ్డి కోసేవాళ్లు, గీతలకి సున్నం వేసేవాళ్లు, గ్యాలరీ ఊడ్చేవాళ్లు ఏ కులం వాళ్లో వెళ్లి చూడండి. మైదానంలోకి మనల్ని ఎప్పుడూ రానిచ్చారు. ఏ పనికి రానిచ్చారు అన్నదే తేడా.

ప్రతిభ ఎక్కడ తయారవుతుంది?

లాస్ ఏంజిలిస్ నుంచే మరో రెండు ఉదాహరణలు. పాంచో గొంజాలెస్ మెక్సికన్ వలస కూలీ కుటుంబం పిల్లవాడు. తల్లి 51 సెంట్లు పెట్టి కొనిచ్చిన రాకెట్టుతో ఎక్స్‌పొజిషన్ పార్కు మునిసిపల్ కోర్టుల్లో నేర్చుకున్నాడు. 1948, 1949లలో అమెరికా చాంపియన్. వీనస్, సెరీనా అక్కచెల్లెళ్లు అదే మహానగరం దక్షిణాన కాంప్టన్ పేదపేట పార్కుల్లో నేర్చుకున్నారు. సెరీనా 23 గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ టైటిళ్లు గెలిచింది. బ్రూక్ ఫీల్డ్, ఎక్స్‌పొజిషన్ పార్కు, కాంప్టన్: మూడూ ప్రజల డబ్బుతో నడిచే పార్కులు. చందా లేదు, క్లబ్బు సభ్యత్వం లేదు. ప్రతిభ పుట్టుకతో వస్తుందని నమ్మేవాళ్లు ఈ జాబితా దగ్గర కాసేపు ఆగాలి. ఒక కోర్టు, ఒక రాకెట్టు, నేర్పే మనిషి ఒకరు, ఆడుకునేందుకు తీరిక. ఈ నాలుగూ దొరికిన చోట ప్రతిభ తయారైంది. దొరకని చోట ఎంతమంది ఆష్‌లు రాకెట్టు ముట్టుకోకుండానే ముసలివాళ్లయ్యారో ఏ రికార్డులోనూ ఉండదు.

1978లో కాలిఫోర్నియా ఓటర్లు 13వ ప్రతిపాదన పేరుతో ఆస్తి పన్నుకి కళ్లెం వేశారు. దెబ్బ పడింది స్థానిక సంస్థల మీద, అంటే బడుల మీద, పార్కుల మీద. ఆరేళ్లకి స్ట్రాస్ స్టేడియం లేచింది. అప్పుడు నగర మేయరు టామ్ బ్రాడ్లీ. బానిసల మనవడు, అదే యు.సి.ఎల్.ఏ.లో పరుగు పందేల వీరుడు. అంటే పైన మనవాడు కూర్చున్నాడు, స్టేడియం కొత్తగా మెరిసింది, కింద పేటల్లో పార్కుల నిధులు ఎండిపోయాయి. మనిషి మారితే చాలు అనుకునే మన రాజకీయాలకి ఇందులో పాఠం ఉంది.

ఇప్పుడు అసలు లెక్కకి వద్దాం. 1996 నవంబరులో అదే కాలిఫోర్నియా 209వ ప్రతిపాదన గెలిపించి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో జాతి ప్రాతిపదికన ప్రత్యేక అవకాశాలని నిషేధించింది. 'ప్రతిభే కొలత' అన్నారు. పదేళ్లకి, 2006లో, యు.సి.ఎల్.ఏ. మొదటి సంవత్సరంలో చేరబోయే సుమారు 4,800 మందిలో నల్లజాతి విద్యార్థులు 96 మంది. నూటికి ఇద్దరు. ఆ 96లో 20 మంది ఆటల కోసం తీసుకున్నవాళ్లు. అంటే బుద్ధి కోసం వచ్చే తలుపు మూశారు, కండ కోసం వచ్చే తలుపు తెరిచి ఉంచారు. జాకీ రాబిన్సన్ నాటి బేరమే మళ్లీ. విద్యార్థులు, నల్లజాతి సంఘాలు గొడవ చేశాక దరఖాస్తులు చూసే పద్ధతి మార్చారు, తర్వాతి ఏడాది సంఖ్య పెరిగింది. పద్ధతి మారితే ప్రతిభ ఒక్క ఏడాదిలో రెట్టింపు అయ్యిందా? లేక అంతకుముందు కొలబద్దే వంకరగా ఉందా?

సంపన్నుల తలుపు సంగతి ఇంకా ఉంది. 2023 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు దేశమంతటా జాతి ఆధారిత ప్రవేశాలని కొట్టేసింది. హార్వర్డ్ మీద నడిచిన ఆ కేసులో బయటపడ్డ కాగితాల మీద ముగ్గురు ఆర్థికవేత్తలు 2019లో చేసిన అధ్యయనం చూడండి. హార్వర్డ్‌లో సీటు వచ్చిన తెల్ల విద్యార్థుల్లో 43 శాతం పైగా ఆటగాళ్లు, పూర్వ విద్యార్థుల పిల్లలు, అధ్యాపకుల పిల్లలు, దాతలకి కావాల్సినవాళ్లు. నల్లజాతి, ఆసియా, హిస్పానిక్ విద్యార్థుల్లో ఈ కోవ వాళ్లు 16 శాతం లోపే. ఆ తెల్ల విద్యార్థుల్లో దాదాపు నాలుగింట మూడొంతుల మందికి ఈ దన్ను లేకపోతే సీటు వచ్చేది కాదని ఆ అధ్యయనం తేల్చింది. ఆటల కోటా అంటే బాస్కెట్‌బాల్ ఆడే నల్ల పిల్లలే అనుకుంటాం. పడవ పందెం, ఫెన్సింగ్, స్క్వాష్, టెన్నిస్ కూడా అందులో ఉన్నాయి. చిన్నప్పటినుంచీ కోచ్‌ని పెట్టుకోగలిగిన ఇళ్ల పిల్లల ఆటలవి. కోర్టు తీర్పు ఆ కోటా జోలికి పోలేదు.

కోటా ఉన్నచోట బజారు కూడా ఉంటుంది. 2019 మార్చిలో బయటపడ్డ అడ్మిషన్ల కుంభకోణం గుర్తుండే ఉంటుంది. జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయం టెన్నిస్ శిక్షకుడు డబ్బున్నవాళ్ల పిల్లల్ని టెన్నిస్ ఆటగాళ్లుగా చూపించి సీట్లు ఇప్పించాడు. వాళ్లలో టెన్నిస్ సరిగా ఆడటం రానివాళ్లూ ఉన్నారు. తీసుకున్న లంచాలు ముప్ఫై లక్షల డాలర్ల పైమాటే. 2022లో రెండున్నరేళ్ల శిక్ష పడింది. టెక్సస్ విశ్వవిద్యాలయం టెన్నిస్ శిక్షకుడు ఒక విద్యార్థికి అట్లాగే సీటు ఇప్పించి సుమారు లక్ష డాలర్లు తీసుకున్నాడు. 2020లో ఆరు నెలల శిక్ష పడింది. యు.సి.ఎల్.ఏ.లో టెన్నిస్ కాదు గానీ, ఫుట్‌బాల్ శిక్షకుడొకడు ఇదే పనిలో దొరికి జైలుకి పోయాడు. టెన్నిస్ రాని టెన్నిస్ ఆటగాడు! మన సర్టిఫికెట్ల మీద ఎన్ని అనుమానాలు, ఎన్ని విచారణలు! అక్కడ ఏళ్ల తరబడి ఎవరికీ అనుమానం రాలేదు. ఎందుకంటే టెన్నిస్ రాకెట్టు పట్టుకున్న సంపన్న పిల్లవాడి ఫోటో చూసేవాళ్ల కళ్లకి సహజంగా ఉంటుంది. ఆధిపత్య భావజాలం చేసే పని సరిగ్గా ఇదే: కొందరి చేతిలో రాకెట్టుని సహజం చేస్తుంది, కొందరి చేతిలో చీపురుని సహజం చేస్తుంది.

లైబ్రరీయా, మైదానమా?

ఇక్కడ ఆష్ మాటనే మనకి అడ్డం పెట్టొచ్చు. 1977లో న్యూయార్క్ టైమ్స్‌లో ఆయన నల్లజాతి తల్లిదండ్రులకి బహిరంగ లేఖ రాశాడు. పిల్లల్ని మైదానాల వైపే తోలకండి, లైబ్రరీలకి పంపండి, క్రీడల్లో పైకొచ్చేది గుప్పెడు మంది అన్నది దాని సారం. తర్వాత కాలేజీ ఆటగాళ్లకి చదువులో కనీస ప్రమాణాలు పెంచాలని కూడా వాదించాడు, సొంతవాళ్ల నుంచే విమర్శలు ఎదుర్కొన్నాడు. ఈ మాటలో బలం ఉంది. నల్ల పిల్లవాడి ఒళ్లు మాత్రమే విశ్వవిద్యాలయానికి కావలసిన చోట 'బుద్ధి కూడా ఉంది' అని పట్టుబట్టడం ఆత్మగౌరవమే. అంబేద్కర్ మనకి పుస్తకం పట్టుకున్న చెయ్యే చూపించాడు.

అయినా దీన్ని ఉన్నదున్నట్టు మనకి తెచ్చుకోలేం. వాళ్ల సమస్య, మైదానం వైపు మాత్రమే నెట్టడం. మన సమస్య, రెండింటి నుంచీ నెట్టేయడం. మా ఊళ్లో బడికి ఆడుకునే జాగా లేదు, లైబ్రరీ కూడా లేదు. అగ్రకుల పిల్లవాడిని ఎవరూ 'లైబ్రరీయా, టెన్నిసా' అని ఎంచుకోమనరు. పొద్దున కోచింగ్, సాయంత్రం టెన్నిస్, రాత్రి పుస్తకం. అతని ప్రతిభలో అన్నీ కలిసే ఉంటాయి. రెండింట్లో ఒకటి ఏరుకోమనే షరతు పేదవాడికే. ఆష్‌కి కూడా గుమ్మం ముందు నాలుగు కోర్టులు ఉన్నాయి గనుకే లైబ్రరీ దాకా పోయే దారి దొరికింది. ఆ దారి యు.సి.ఎల్.ఏ. స్కాలర్‌షిప్ వేసింది, ఆ స్కాలర్‌షిప్ రాకెట్టు తెచ్చింది.

మనకి మన ఉదాహరణ ఉంది. 2014 మే 25న మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకి అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. ఒకరు గిరిజన కూలీల బిడ్డ, ఒకరు దళిత బిడ్డ. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. భువనగిరి గుట్ట మీద తర్ఫీదు మొదలైంది. గుట్ట ఎప్పటినుంచో అక్కడే ఉంది. తాడూ, బూట్లూ, నేర్పేవాళ్లూ, రెండు పూటలా అన్నమూ ప్రభుత్వ ఖర్చుతో వచ్చాకే దాని మీద ప్రతిభ కనపడింది. ఇద్దరు ఎక్కారు గనుక అందరికీ అవకాశం ఉందని చెప్పడానికి ఈ ఉదాహరణని వాడనివ్వకూడదు. ఇచ్చిన చోట ఏం జరిగిందో చెప్పడానికే వాడాలి.

మన ఉద్యమం సీట్ల కోసం, పోస్టుల కోసం, స్కాలర్‌షిప్పుల కోసం కొట్లాడింది. అవి తేలిగ్గా వచ్చినవి కావు, వాటిని కాపాడుకోవడమే ఇవ్వాళ పెద్ద పని. కానీ సీటు ఇచ్చి జాగా ఇవ్వని పద్ధతిని ఎన్నాళ్లు ఒప్పుకుంటాం? విద్యార్థి సంఘాల మిత్రులు తమ తమ క్యాంపస్‌లలో ఒక పని మొదలుపెట్టాలి. టెన్నిస్ కోర్టులు, ఈత కొలను, జిమ్ము ఎవరి వాడకంలో ఉన్నాయో లెక్క తియ్యండి. విద్యార్థులకి ఎన్ని గంటలు, అధికారుల కుటుంబాలకి, బయటి సభ్యులకి ఎన్ని గంటలు? ఫీజు ఎంత? రాకెట్టు సొంతంగా లేనివాడికి విశ్వవిద్యాలయం ఇస్తుందా? స్పోర్ట్స్ కోటాలో గత పదేళ్లలో చేరినవాళ్లు ఏ కులాల వాళ్లు, ఏ ఆటల వాళ్లు? ఈ లెక్కలు సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. ఉపాధ్యాయ మిత్రులు సంక్షేమ హాస్టళ్ల గురించి ఇదే అడగాలి: ఎన్నిటికి మైదానం ఉంది, ఎన్నిటికి వ్యాయామ ఉపాధ్యాయుడు ఉన్నాడు? ఆడపిల్లల హాస్టళ్లకి సాయంత్రం గేటు ఎన్నింటికి వేస్తున్నారు?

ఈ లెక్కలు చేతిలో పట్టుకున్నాక ఆ పాత ప్రశ్న మళ్లీ అడగనివ్వండి. జట్టులో రిజర్వేషన్లు కావాలా అంటే, ముందు మైదానం తాళంచెవి ఎవరి దగ్గరుందో చెప్పమందాం.